కుడితి తొట్టి పోయాక

పోయిన నెల మా కాలనీ పార్కులో చిన్న సమావేశం జరిగింది. వంటింటి చెత్తను ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడం ఎలాగో చెప్పడానికి ఒకాయన వచ్చారు. చక్కగా మాట్లాడారు. నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, "ఇందులో పావు కిలో వానపాములు ఉంటాయి. వంటింట్లో మిగిలింది ఏదైనా సరే, వేసి మూత పెట్టండి. మిగతాది అవే చూసుకుంటాయి. మీకు ఏ శ్రమా ఉండదు" అన్నారు. వచ్చిన ఇరవై మందిలో పదకొండు మంది అక్కడికక్కడే పేర్లు రాయించుకున్నారు.

నేను రాయించుకోలేదు. లేచి ఒక మాట అడగాలనుకున్నాను గానీ, అంత ఉత్సాహంగా ఉన్నవాళ్ళ మధ్య అడ్డుపుల్ల వేసినట్టవుతుందని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక, ఊరుకోవడం తప్పనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

2022 నుంచి మా ఇంటి తడి చెత్త గడప దాటలేదు. కాబట్టి ఇంటి ఎరువు వద్దనేవాళ్ళలో నేను లేను. నా పేచీ "ఏ శ్రమా ఉండదు" అన్న ఆ ఒక్క మాటతోనే. వానపాముల పెట్టె తెచ్చుకోవడమంటే ఇంటికి పశువును తెచ్చుకోవడం. సాకే ఓపిక, కట్టేసే చోటు ఉన్నవాళ్ళు తెచ్చుకోవాలి. లేనివాళ్ళకు వానపాములతో పని లేని దారి ఒకటి ఉంది. అనంతపురంలాంటి ఊళ్ళో ఆ దారి ముందు చెప్పాలి, వానపాముల సంగతి తర్వాత చెప్పాలి.

గోళెం

మా అమ్మది శింగనమల వైపు పల్లె. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. తన కాపురంలో మొదటి ముప్పై ఏళ్ళు "తడి చెత్త" అనే మాట తను వినలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, వంచిన గంజి, వంకాయ తొడిమలు, సొరకాయ చెక్కు, పొద్దున మిగిలిన సంగటి, అన్నీ పెరట్లో గోళెంలోకి వెళ్ళేవి. అదే కుడితి. సాయంత్రం మేత నుంచి తిరిగొచ్చిన ఎనుము గోళెం అడుగు కనబడేదాకా తాగేది. దాని పేడ దిబ్బకు. ఊడ్చిన ఆకులు, పొయ్యిలో బూడిద, పశువు తొక్కి వదిలేసిన మేత కూడా దిబ్బకే. తొలకరికి ముందు బండి కట్టి దిబ్బంతా చేనికి తోలేవాళ్ళు.

వంటింటికీ చేనికీ మధ్య ఒక ప్రాణి ఉండేది. పట్నంలో ఆ ప్రాణి లేదు. కుడితి మాత్రం రోజూ తయారవుతూనే ఉంది. గోళెం లేదు కాబట్టి దానికి చెత్త అని పేరు పెట్టి బండికి ఇస్తున్నాం. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద మూడు రంగుల బుట్టలు మా ఇంటికి వచ్చినప్పుడు, ఆకుపచ్చ బుట్టను చూసి అమ్మ అన్న మొదటి మాట, "ఇది కుడితికి కదా" అని.

మరుసటి సంక్రాంతికి నేను మొదటి వానపాముల పెట్టె కొన్నాను. అమ్మ దాని గురించి చాలా ప్రశ్నలు వేసింది. ఎంత తింటాయి, ఎప్పుడు పెట్టాలి, నీళ్ళు ఎన్ని, ఎండ తగిలితే ఏమవుతుంది, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు. అన్నీ విని, "అయితే ఇదీ ఎనుమే. నోరు లేని ఎనుము. ఆకలైతే అరవదు, అంతే తేడా" అంది. ఆ మాటను నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

రోహిణి కార్తె

పెట్టెను మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టాను. నాలుగు నెలలు అంతా బాగానే నడిచింది. మూత తీస్తే వాన పడిన మట్టి వాసన వచ్చేది. కూరగాయల తొక్కలు కళ్ళ ముందే నల్లబడి, నలిగి, టీ పొడిలా మారుతుంటే రోజూ రెండుసార్లు వెళ్ళి చూసుకునేదాన్ని.

మే నెలాఖరులో మా అబ్బాయి పుట్టినరోజుకు బంధువులు వచ్చారు. కర్బూజా తొక్కలు, మిగిలిన చిత్రాన్నం, పెరుగన్నం, కూరగాయల చెత్త కలిపి నాలుగైదు కిలోలు తేలింది. ఏదైనా వేయవచ్చని పెట్టె అమ్మినవాళ్ళు చెప్పారు కదా అని అంతా ఒకేసారి వేసి మూత పెట్టాను. రెండు రోజుల తర్వాత మెట్లెక్కుతుండగానే వాసన తగిలింది. మూత తీసి చేయి పెడితే లోపల కాలుతోంది. వానపాములు కొన్ని గోడలెక్కి మూత అంచున ఎండిపోయి ఉన్నాయి. మిగతావి లోపల కరిగిపోయాయి. వాటి ఒంట్లో అధిక భాగం నీరే కాబట్టి చచ్చాక ఆనవాలు కూడా మిగలదు. ఆ పెట్టెను కడుగుతూ నేను చాలాసేపు ఏడ్చాను. పెంచుతానని తెచ్చుకున్న వందల ప్రాణాలను నా చేతులతో వండేశాననిపించింది.

ఏం జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మన ఊళ్ళో మేలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. పెట్టెల్లో ఎక్కువగా అమ్మే ఎర్ర వానపాముకు, అంటే ఐసీనియా ఫెటిడాకు, 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయి. 35 దాటితే బతకడం కష్టం. ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే కాస్త వెచ్చదనాన్ని ఇష్టపడుతుంది గానీ దానికీ మన మే నెల తట్టుకునే శక్తి లేదు. బయటి ఎండ సగం కారణం. మిగతా సగం నేను వేసిన కుప్ప. పచ్చి చెత్త గుట్టగా పడితే సూక్ష్మజీవులు దాని మీద పడి తింటాయి, ఆ పనిలో వేడి పుడుతుంది. పెద్ద కంపోస్టు గుట్ట నడిమధ్య 55 నుంచి 65 డిగ్రీల దాకా వెళ్తుంది. గుట్టకు అది మంచిదే, కలుపు విత్తనాలు, రోగక్రిములు చస్తాయి. ఆ గుట్టలోనే వానపాములు ఉంటే అవీ చస్తాయి. దీనికి తోడు చిత్రాన్నంలో, పెరుగన్నంలో ఉప్పు. వాటి చర్మం ఉప్పును ఓర్చుకోలేదు.

ఇంకొకటి కూడా ఉంది. 1881లో వానపాముల మీద తన పరిశీలనలను అచ్చు వేయించిన చార్లెస్ డార్విన్ వాటిని కుండీల్లో పెట్టి ఇంట్లోనే చూసుకునేవాడు. పక్కన పియానో ఎంత గట్టిగా వాయించినా అవి కదలలేదట. కుండీని పియానో మీద పెట్టి ఒక్క మీట నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయట. చెవులు లేని ఆ ప్రాణికి అదురు అంత బాగా తెలుస్తుంది. నేనేమో మోటారు వేసినప్పుడల్లా అదిరే ట్యాంకు గొట్టానికి ఆనించి పెట్టెను ఉంచాను. పశువుల కొట్టం ఎక్కడ కట్టాలో పది చోట్ల చూసి నిర్ణయించే ఇంట్లో పుట్టి, దీనికి మాత్రం చోటు చూడలేదు.

పావు కిలో లెక్క

సమావేశంలో నేను అడగాలనుకున్నది ఈ లెక్క గురించే. అంతా అనుకూలంగా ఉన్నప్పుడు వానపాములు రోజుకు తమ బరువులో దాదాపు సగం తింటాయి. పావు కిలో వానపాములంటే సుమారు అయిదు వందలు. అవి రోజుకు తినేది 125 గ్రాములు. మా ఇంట్లో అయిదుగురం. ఒక వారం పాటు తడి చెత్తను తూకం వేసి రాసుకుంటే ఆరు కిలోల మూడు వందల గ్రాములు వచ్చింది, అంటే రోజుకు 900 గ్రాములు. మిగిలిన 775 గ్రాములు ఏమవుతాయి? అక్కడే కుళ్ళుతాయి, వేడెక్కుతాయి, ఈగలు ముసురుతాయి.

వానపాములు గుడ్లు పెట్టి సంఖ్య పెంచుకుంటాయి నిజమే. రెండు మూడు నెలల్లో రెట్టింపు కావచ్చు. కానీ ఆ రెండు మూడు నెలలు ఇల్లాలు ఏం చేయాలో ఆ పెట్టె మీద రాసి ఉండదు. మాకు రెండు వీధుల అవతల ఒకావిడ ఇలాగే కొని, నెలన్నరకు వాసన భరించలేక, పెట్టెతో సహా చెత్త బండిలో వేసేశారు. నాకు తెలిసి ఆ తర్వాత ఆవిడ తడి, పొడి వేరు చేయడం కూడా మానేశారు. "అదంతా అయ్యే పని కాదండీ, నేను చేసి చూశాను" అంటారు. శ్రమ ఉండదని చెప్పి మొదలుపెట్టిస్తే జరిగేది ఇదే. మాట ఇచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, ఓడిపోయామన్న భావం ఇంట్లో మిగులుతుంది.

నా స్నేహితురాలు ఒకరు దీనికి ఎదురు చెప్పారు. "కష్టమని ముందే చెబితే ఎవరు మొదలుపెడతారు? పదకొండు మందిలో ఇద్దరు నిలబడినా మేలే కదా" అని. చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. ఇద్దరు నిలబడడం మేలే. కానీ మిగతా తొమ్మిది మంది ఊరుకోరు, తమ అనుభవం పది ఇళ్ళలో చెబుతారు. ఆ తొమ్మిది పెట్టెల్లో ప్రాణాలూ పోతాయి. ఉన్నమాట చెప్పి ముగ్గురితో మొదలుపెట్టడమే నాకు నచ్చుతుంది.

ముందు దిబ్బ

పెట్టె పోయాక అమ్మే దారి చూపింది. "దిబ్బ వేయకుండా ఎనుమును తెచ్చావు" అంది.

పాతూరులో కుండలమ్మే ఆయన దగ్గర మూడు పెద్ద బానలు కొన్నాము. పక్కల చుట్టూ, అడుగున చిన్న రంధ్రాలు చేయించాము. అడుగున కొబ్బరి పీచు. ఆ రోజు తడి చెత్త ఒక గిన్నెడు వేస్తే దాని మీద రెండు గిన్నెల ఎండు సరుకు. మాకు ఎండు సరుకంటే ఇంటి ముందు కానుగ రాల్చే ఆకులు, మిల్లు నుంచి తెచ్చిన వేరుశెనగ పొట్టు. ఈ జిల్లాలో పొట్టుకు కరువు లేదు. అది గట్టిది, మెల్లగా చివుకుతుంది, కాబట్టి నలిపి వేస్తాను. మొదట్లో పుల్లటి మజ్జిగ, పేడ నీళ్ళు చిలకరించేదాన్ని. ఇప్పుడు పాత ఎరువు గుప్పెడు చల్లుతాను, అదే తోడు.

రెండింతల ఎండు సరుకు ఎందుకో ఒక్కసారి అర్థమైతే మళ్ళీ ఎవరినీ అడగనక్కరలేదు. సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలుకు కర్బనం 25, 30 పాళ్ళు కావాలి. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఆకులు తగ్గితే నత్రజని అమ్మోనియాగా లేచి ముక్కును తాకుతుంది. ఆకులు తడిని పీల్చుకుని మధ్యలో గాలి సందులు కూడా ఉంచుతాయి. గాలి లేకపోతే అది ఎరువు కాదు, మురుగు. వాసన వస్తే నేను చేసే వైద్యం ఒక్కటే, ఇంకో రెండు గుప్పిళ్ళ ఆకులు. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో పిండి చూస్తాను. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు కనబడితే చాలు.

తిప్పాలా వద్దా అనే దానికి మన దేశంలోనే రెండు పాత జవాబులు ఉన్నాయి. 1920ల్లో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ రూపొందించిన పద్ధతిలో గుట్టను కొన్ని వారాలకొకసారి తిరగేయాలి, మూడు నెలల్లో ఎరువు వస్తుంది. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య రూపొందించిన పద్ధతిలో గుంటను పొరలు పొరలుగా నింపి మట్టితో మూసి నెలల తరబడి వదిలేస్తారు, తిరగేసే పనే లేదు. చేతిలో బలం ఉంటే తిప్పు, లేకపోతే ఆగు. నాకు నడుము నొప్పి ఉంది కాబట్టి నేను ఆగుతాను. మొదటి బాన నిండితే రెండో దానికి, అది నిండితే మూడో దానికి. మూడోది నిండేసరికి మొదటి దానిలో నల్లటి పొడి మట్టి సిద్ధంగా ఉంటుంది. లావుపాటి తెల్ల పురుగులు అప్పుడప్పుడు కనబడతాయి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, మనకు ఏ హానీ చేయవు, చెత్తను వానపాముల కంటే వేగంగా తింటాయి. వాటిని చూసి భయపడి బాన పారేసినవాళ్ళు ఉన్నారు, అందుకని చెబుతున్నాను.

ఈ మూడు బానలు మా ఇంటి చెత్తకు చాలు. ఒక్క వానపాము లేకుండా చాలు. అమ్మకైనా అబ్బాయికైనా అయిదు నిమిషాల పని. వారం రోజులు ఊరెళ్ళినా ఏ ప్రాణీ పస్తు ఉండదు.

తర్వాత ఎనుము

అయినా నేను వానపాముల్ని మళ్ళీ తెచ్చాను. ఏడాది ఆగి తెచ్చాను. వాటి ఎరువు మెత్తదనం వేరు. మిరప నారుకూ కరివేపాకు మొక్కకూ నేను అదే వాడతాను. వాటిని చూసుకోవడం నాకు ఇష్టం కూడా. ఇష్టం లేకపోతే చేయవలసిన పని కాదిది.

ఈసారి అవి ఉండేది మెట్ల కింద వెడల్పాటి మట్టి బానలో. చుట్టూ తడి గోనెపట్ట. మనం మంచినీళ్ళ కుండను ఎలా చల్లబరుస్తామో అలాగే. మట్టి గోడలోంచి, గోనెలోంచి నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పని చేస్తుంది, కోస్తాలో ఇంత ఫలితం రాదు. పోయిన మేలో ఒక మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూశాను. వరండా నీడలో 41, బాన లోపల 31. బాన కింద ముక్కాలిపీట, దాని కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు, బెల్లం డబ్బాకు చీమలు పట్టకుండా పెట్టినట్టు.

పచ్చి చెత్త వాటికి వేయను. రెండో బానలో ఇరవై రోజులు మగ్గి, వేడి చల్లారిన సగం ఎరువును దోసెడు దోసెడుగా పెడతాను. చీనీ (బత్తాయి) తొక్కలు అసలు వేయను. ఇది చీనీ తోటల జిల్లా, ఎండాకాలం రసం పిండని ఇల్లుండదు. కానీ ఆ తొక్కలో ఉన్న నూనె వానపాములకు విషం. తొక్కల్ని ఎండబెట్టి దిబ్బ బానలో వేస్తే మెల్లగా కలిసిపోతాయి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్ళు కూడా వాటికి పనికిరావు, లవణాలన్నీ అందులోనే పేరుకుని ఉంటాయి. వాన పడినప్పుడు పొలం గట్ల మీద కనబడే వానపాముల్ని ఏరి తెచ్చి వేయాలనుకునేవాళ్ళూ ఉన్నారు. అవి మట్టిని తిని మట్టిలో లోతుగా బతికేవి, చెత్త బానలో నిలవవు. వాటిని పొలంలోనే ఉండనివ్వాలి.

తీరని సందేహాలు

నీళ్ళ సంగతి మొదటిది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో గోనెపట్ట తడపడానికి నీళ్ళు పోయడం న్యాయమేనా? కూరగాయలు కడిగిన నీళ్ళే చాలుతున్నాయి, ఎండాకాలం మాత్రం రోజుకు రెండు చెంబులు అదనం. దిబ్బ బానలకు ఆ అదనం కూడా అక్కరలేదు, తొక్కల్లో తడే ఎక్కువ. ఇదీ ముందు దిబ్బే అనడానికి ఒక కారణం.

రెండో సందేహం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. పార్కులో పేర్లు రాయించుకున్న పదకొండు మందీ ఆడవాళ్ళే. ఇంటి పనుల జాబితాలో ఇంకో పని చేరుతోంది, అది కూడా ఊరి మేలు పేరుతో. మా ఇంట్లో మొదటి ఏడాది అంతా నేనే చేశాను. ఒకరోజు నాకు జ్వరం వస్తే మూడు రోజుల చెత్త అలాగే మగ్గింది. అప్పుడు మా ఆయన, అబ్బాయి వారాలు పంచుకున్నారు. ఇప్పుడు ఆదివారం బాన తెరిచేది మా ఆయనే. పంచుకునే మనుషులు లేని ఇంటికి వెళ్ళి కంపోస్టు చేయమని చెప్పే హక్కు నాకు లేదు. ఆ ఇళ్ళ తడి చెత్తను వీధికొక దిబ్బలో వేసి ఎరువు చేసే పని ఊరు చూసుకోవాలి.

మూడోది నేల. ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ, అర శాతం కంటే తక్కువ ఉంటే భూసార పరీక్షలో "అల్పం" అని రాస్తారు, మన వైపు ఆ మాట చాలా చీటీల్లో కనబడుతుంది. అందుకని ఇంటి ఎరువుతో నేలను కాపాడదామనే ఉపన్యాసాలు వింటుంటాను. మా మూడు బానల నుంచి నెలకు వచ్చేది అయిదారు కిలోలు. ఎకరానికి నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయాలంటే మా ఇల్లు అరవై ఏళ్ళు ఆగకుండా చేయాలి. మిద్దె మీద పది కుండీలకు సరిపోయే దానికి అంత పెద్ద మాట తగదు.

అయితే చేనికి చేరనంత మాత్రాన లాభం లేదని కాదు. మా వీధికి బండితో వచ్చే ఆమె ఒకరోజు మా బుట్ట ఎత్తి, "మీ ఇంటి బుట్ట మాత్రం తేలికమ్మా, చేతికి తడి అంటదు" అంది. కుళ్ళిన అన్నంలో బ్లేడు ముక్క దాగి ఉండి వేలు తెగిన మచ్చ చూపించింది. తడి చెత్త గాలి ఆడని గుట్టలో పడితే మీథేన్ వస్తుందనీ, వందేళ్ళ లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందనీ నేను చదివి తెలుసుకున్నాను. ఆమె వేలి మీద మచ్చ చూశాక నాకు ఆ లెక్క కూడా అవసరం లేకపోయింది.

మొన్న ఆదివారం పక్కింటి వదిన ఖాళీ డబ్బాతో వచ్చింది. పార్కులో పేరు రాయించుకున్న పదకొండు మందిలో ఆమె కూడా ఉంది. "పెట్టె వచ్చేలోపు నాలుగు వానపాములు ఇవ్వు, అలవాటు చేసుకుంటాను" అంది. వానపాములు ఇవ్వలేదు. మా రెండో బానలోని సగం ఎరువు ఒక గంపెడు, వేరుశెనగ పొట్టు ఒక సంచి ఇచ్చి, కుండలాయన దుకాణం గుర్తులు చెప్పాను. మొహం కాస్త చిన్నబుచ్చుకుంది. అమ్మ బయటికి వచ్చి, "ముందు దిబ్బ వేయమ్మా, శ్రావణం వానలకు చల్లబడ్డాక నేనే తెచ్చి ఇస్తాను" అని ఆమె గంపకు అటువైపు చేయి వేసి గేటు దాకా మోసుకెళ్ళింది. ఈ పొద్దున గోడ మీదుగా చూశాను. వదిన వాళ్ళ పెరట్లో, నీడలో, కొత్త బాన ఒకటి ఉంది. పైన కానుగాకు పరిచి ఉంది.